రెండో పొయ్యి

ముత్తుకూరులో మా మిద్దె ఎక్కితే
కరెంటు పుట్టే చోటు కనపడుద్ది.
పొగగొట్టాలు, వాటి నెత్తిన ఎర్ర దీపాలు.
ఆరేసిన దుప్పట్ల మీద బూడిద దులిపేది మేమే,
బిల్లు కట్టేదీ మేమే.

ఈ నెల కాగితం మూరెడు ఉండాది.
వాడుకున్నది ఒక వరస,
కట్టాల్సింది ఆరు వరసలు.
సర్దుబాటంట,
ఎన్నడో కాలిన బొగ్గుకి.
ఆ నాటి అన్నం ఆ నాడే అరిగిపోయింది,
ఇప్పుడొచ్చి మెతుకులు లెక్క పెడతా ఉండారు.

"సిమ్ము మార్చినట్టు మార్చేద్దామా,
నంబరు మనదే, కంపెనీ వేరే" అన్నాడు మా చిన్నోడు.
రీడింగ్ తీసే హజరత్తయ్య నవ్వి
స్తంభం వైపు గెడ్డం ఎత్తినాడు.
"ఉండేది ఒకటే తీగ అబ్బయ్యా.
కాకులైనా దాని మీదే వాలాల."

గ్యాసు ఏజెన్సీ మార్చి చూసినాం పోయినేడు.
బండ రంగు మారలా, ధర మారలా,
మోసుకొచ్చే పిల్లోడి చేతిలో పెట్టే ముప్పై మాత్రం
యాభై అయింది.

హజరత్తయ్యే గొంతు తగ్గించి చెప్పినాడు.
"రెండు కాపురాలు ఒక మీటరు మీద తిరగతా ఉంటే
పై శ్లాబు ఎక్కక ఏం చేస్తారు?
రెండోది పెట్టించుకోండి, రెండూ కిందనే ఉంటాయి.
కాకపోతే పొయ్యి వేరేగా కనపడాల.
సారు వచ్చి చూస్తాడు."

పొయ్యి వేరేగా.
పంతొమ్మిదేళ్ళు నేనూ మా అక్క పెంచలమ్మా
ఒక చట్టిలోనే పులుసు కాచినాం.
పులుపు ఆమె చెయ్యి, ఉప్పు నా చెయ్యి.
మస్తానయ్య బావకీ మా ఇంటాయనకీ
రొయ్యల గుంట కాడ మాటలు లేని రోజుల్లో కూడా
మా చట్టి ఒకటే.

సరే, నాటకమే గదా అనుకున్నాం.
పక్కగదిలో వడ్ల బస్తాలు జరిపి
అరుగు మీద పాత స్టవ్ పెట్టినాం.
మరీ కొత్తగా ఉండాదని
ఆమే చీపురు పుల్లతో గోడకి మసి పూసింది.
నవ్వి నవ్వి ఇద్దరికీ పక్కల్లో నొప్పి.

తర్వాత గిన్నెలు పంచాల్సి వచ్చింది.
"ఈ గరిటె నీదనుకో."
"ఆ తప్పేలా నువ్వు పెట్టుకో."
ఎవరమూ ఎన్నడూ అడగలా,
అయినా చేతులకి తెలుసు
ఏది ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో.
లోతు గరిటె దగ్గర
ఇద్దరి చేతులూ ఒకసారి ఆగినాయి.
అప్పుడు నవ్వలా.

సారు వచ్చినాడు, మూత ఎత్తి చూసినాడు.
"ఈ పొద్దు ఏం వండినారమ్మా?"
"పప్పుచారు" అన్నా నేను.
"చేపల పులుసు" అంది పక్కగదిలోంచి ఆమె.
రెండు కూరలు, రెండు ఇళ్ళు.
రాసుకొని పోయినాడు.

మొదటి నెల నాలుగొందల ఇరవై మిగిలింది.
రెండో నెల
ఫ్రిజ్ ఎవరి మీటరు మీద ఉండాలని
బావ ఒక మాట అన్నాడు, మెల్లిగానే.
మూడో నెల
మా చిన్నోడు వరండాలో స్విచ్చి ఆపబోయి
"ఇది పెద్దమ్మ లైటు" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
ఆ నాటకం పొయ్యి మీద
ఒక పొద్దున పాలు పొంగిన వాసన వచ్చింది.
నేను నా పొయ్యి కాడే నిలబడుకొని ఉండా.

నిన్న ఆమె పులుసు పంపింది,
గిన్నెకి మూత పెట్టి.
పదడుగుల దూరానికి, పిల్ల చేత, పంపింది.
మామిడికాయ ముక్క బాగా ఉడికింది.
ఉప్పు చాల్లేదు.
వేసుకున్నా, ఎవరికీ చెప్పలా.

గిన్నె కడిగినా.
పక్కింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదంటారు.
ఇది పక్కిల్లా?
ఏదో ఒకటి పెట్టి పంపితే అవునన్నట్టు,
ఉత్తది ఇస్తే
ఆమె ఏమనుకుంటుందో.

తడి గిన్నె పట్టుకొని
వరండాలో మీటర్ల కింద ఉండా.
రెండింటి మీదా ఎర్ర చుక్క
ఒకటి వెలిగినప్పుడు ఇంకోటి ఆరతా ఉండాది.